ఫుట్‌నోట్ రాసిన చీటీ

ఆవులిస్తే పేగులు లెక్కపెట్టడం నేర్పే చదువొకటుంది. విశ్వవిద్యాలయంలో దాన్ని సాహిత్య సిద్ధాంతాలు, విమర్శ ధోరణులు అంటారు. రెండేళ్లు అది చదివాక మన అమ్మాయికి మాటను మాటగా వినే అలవాటే పోయింది. రచన చెప్పేది కాదు, దాచేది చదవాలన్నారు ప్రొఫెసరుగారు. అంతే, వాళ్లమ్మ ఫోన్లో "తిన్నావా?" అన్నా, ఈ ప్రశ్న వెనక ఏముందని ఆలోచించేది. ఇదేం చదువమ్మా తల్లీ!

ఆ మధ్యాహ్నం రెండింటికి ఇంటర్వ్యూ. పరిశోధనకు ఉన్నది ఒక్కటే సీటు. ఈసారి రాకపోతే అన్నయ్య చూసిన బీమా ఆఫీసు ఉద్యోగంలో చేరతానని ఇంట్లో మాటిచ్చింది. అందుకే పొద్దున్నే లైబ్రరీకి వచ్చి, బయటికివ్వని ఒక్కగానొక్క సిద్ధాంత గ్రంథాన్ని ముందేసుకుని కూర్చుంది. లేచిందా, అది జాబితాలో తర్వాతివాళ్ల చేతికి పోతుంది. ఆ తర్వాతివాడు ఫుట్‌నోట్. ఏం రాసినా కింద ఒక వివరణ తగిలిస్తాడని క్లాసంతా కలిసి పెట్టిన పేరది. సీటుకు పోటీ కూడా అతనే.

పది కావస్తుండగా లైబ్రేరియన్ ఒక చీటీ తెచ్చి ఇచ్చింది. లోపలికి ఫోన్లు తేనివ్వరు మరి.

"మీ ఫుట్‌నోట్ ఇచ్చి పరిగెత్తాడమ్మా."

చీటీలో ఇలా ఉంది: "ఇంటర్వ్యూ రెండింటికి కాదు, పదింటికే. ఇప్పుడే మార్చారు. పుస్తకం వదిలేసి వెంటనే రా. దయచేసి రా."

'ఆహా! పుస్తకం వదిలేయాలట!' అనుకుంది. ఇక చీటీకి శవపరీక్ష మొదలుపెట్టింది. అన్నిసార్లు రమ్మనడం దేనికి? పైగా వీడు వివరణ లేకుండా రాయడమా! చివర సిరా చుక్కొకటి అలుక్కుపోయి ఉంది. కలం తడబడిన చోటే నిజం దాక్కుంటుందని నోట్సులో తనే రాసుకుంది కదా.

"పోనీ, ఒక్కసారి వెళ్లి చూసి రాకూడదూ?" అంది లైబ్రేరియన్.

"మీకు తెలీదక్కా. నేనిలా లేస్తే వాడలా వచ్చి కూర్చుంటాడు. నా దగ్గరా వాడి వేషాలు!"

చీటీని పేజీల మధ్య గుర్తుగా పెట్టుకుని నిశ్చింతగా చదువుకుంది.

ఒంటిగంటన్నరకు పుస్తకం అప్పగించి, చీటీ సంచిలో వేసుకుని డిపార్ట్‌మెంటుకు వెళ్లేసరికి గదికి తాళం. అటెండరు మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఇంటర్వ్యూలా? పొద్దున్నే అయిపోయాయమ్మా. బయటినుంచి వచ్చిన పెద్దాయనకి ఊరెళ్లే తొందరట. ఆ అబ్బాయి మీకోసం ఎంత బతిమాలాడో! చివరికి సీటు అతనికే ఇచ్చారు."

అయినా నమ్మబుద్ధి కాలేదు మహాతల్లికి. మోసం ఎక్కడుందో తేలుద్దామని చీటీ తీసి వెలుతురులో పట్టి చూసింది. అలుక్కుపోయింది చుక్క కాదు, ఫుట్‌నోట్‌కి పెట్టే నక్షత్రం గుర్తు. చీటీ వెనక్కి తిప్పింది.

"* నా వంతు ఆఖరికి మార్పించుకున్నా. పదకొండున్నర దాకా ఎలాగోలా ఆపుతా. ఆ పుస్తకం గురించి బెంగపడకు, మొన్న నేను చదివినప్పుడే నోట్సంతా నీకోసం రాసి తెచ్చా."

"ఆఁ, మర్చిపోయా, ఇది మీకిమ్మన్నాడు," అంటూ అటెండరు ఒక కాగితాల కట్ట అందించాడు. ఆమె ముఖం చూసి కంగారుపడ్డాడు. "ఏమైందమ్మా? అందులో ఏం రాశాడు?"

"ఉన్నదున్నట్టే రాశాడు," అని ఆమె మెట్ల మీద కూలబడి ఏడ్చేసింది.