పదిహేడులో పోయిన ఒకటి

ఉదయం పదకొండూ ఇరవైకి, ఆఫీసు ఆరో అంతస్తులో మంచినీళ్ల సీసా నింపుకుంటూ ఆ అమ్మాయి కిటికీలోంచి చూసింది. దూరంగా, రెండు మేడల మధ్య, పిన్ని ఉండే సందు కనపడుతోంది. గుమ్మానికి కట్టిన పచ్చ కర్టెనుతో సహా. సీసా నిండిపోయి నీళ్లు చెప్పుల్లోకి కారాయి.

ఆ సందు అక్కణ్ణించి కనపడకూడదు. మెయిన్ రోడ్డు మీద నిలబడి చూస్తే ఉత్త గోడే. పది అడుగుల దగ్గరికెళ్తేనే సందు తెరుచుకుంటుంది. లోపలున్నవాళ్లకీ అంతే, పది అడుగులు దాటితే తెల్లటి మసక. పాలవాడికీ కొరియరువాడికీ ఎప్పుడో అలవాటైపోయింది.

ఆ అమ్మాయిది మ్యాపుల్లో లేయర్లకి రంగులద్దే పని. కుంచెతో కాదు. ఒక ఫైల్లో, బాణం తలల్లాంటి బ్రాకెట్ల మధ్య, రోడ్ల లేయరుకి ఈ రంగు, చెరువులకి ఆ రంగు, గీత ఇంత మందం, ఇంత జూమ్ చేస్తేనే ఇది కనపడాలి అని రాస్తుంది. పిన్ని సందుకి అందులో విడిగా ఒక లైనుంది. దాని అంకె పదిహేడు, అంటే బాగా దగ్గరికొస్తేనే. సందుని చూసి అంకె రాశారో, అంకె రాశాక సందు అలా అయ్యిందో ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు.

పరిగెత్తుకెళ్లి ఫైలు చూసింది. ఏడు ఉంది. నిన్న చెరువుల నీలం సరిచేస్తూ ముందున్న ఒకటిని చెరిపేసింది.

"ఏమ్మా, మ్యాపు మీద ఆ దారప్పోగేంటి?" వెనకనుంచి టీమ్ లీడ్. "ఊరంతా చూసినా అదొక్కటే కొట్టొచ్చినట్టు కనపడుతోంది."

"తప్పయింది సార్."

"ఐదింటికల్లా చూడు. ఆ తర్వాత ఫైలు లాక్ అయితే మళ్లీ ఏడాదికే."

వేలు ఒకటి మీదికి వెళ్తుండగా ఫోను మోగింది.

"పిట్టా, అర్జెంటుగా రావే."

"ఏమైంది పిన్నీ?"

"కొండ."

"ఏంటీ?"

"కొండే. నువ్వొచ్చి చూడు."

లంచ్ టైముకి వెళ్లేసరికి సందంతా కుర్చీలేసుకుని బయటే కూర్చుంది. సందు మొదటికి ఎదురుగా, ఇళ్లకప్పుల వెనక, ఆకాశం సగానికి, నీలంగా కొండ. ఎవరూ గట్టిగా మాట్లాడట్లేదు. పిన్ని కుట్టుమిషను గుమ్మంలోకి లాక్కుంది కానీ కుట్టట్లేదు. మెళ్లో టేపు అలాగే వేలాడుతోంది.

"పదకొండేళ్లుగా ఇది ఇక్కడే ఉందా?"

"ఉంది పిన్నీ."

"మరి చెప్పలేదేం?"

"నీకు తెలుసనుకున్నా."

"తెలుసు, నా మొహం. ఆ అంచు చూడవే. కత్తెర పెట్టకుండా అంత నునుపుగా ఎవరు తీశారు?"

"అదిగో, కదిలింది!" అంది పక్కింటామె.

"కొండెందుకు కదులుతుంది? మబ్బు నీడ అది."

"అబ్బో, పొద్దున్నించీ కొండల మీద పీహెచ్‌డీ చేసేసింది మీ పిన్ని."

అందరూ నవ్వుతుండగా సందు మొదట్లో బస్సు ఆగింది. అక్కడ స్టాపు లేదు.

డ్రైవరు బాబాయి, పిన్ని మొగుడు. పదకొండేళ్ల క్రితం ఆయన విరగ్గొట్టిన తన చెయ్యి గుడ్డతో కట్టుకుని, అమ్మ లేని ఈ పిల్లని వెంటబెట్టుకుని, తెల్లవారుజామున పిన్ని ఈ సందులోకొచ్చి పడింది. ఆ తర్వాత సందు దాటి బయటికెళ్లలేదు. రోజుకి మూడుసార్లు ఆయన బస్సు ఆ గోడ పక్కనుంచే వెళ్లేది. ఇవాళ గోడ లేదు.

"పిన్నీ, లోపలికి పద." రెక్క పట్టుకుని లాగింది. పిన్ని కదల్లేదు. టేపుని పిడికిట్లో బిగించి బస్సుకేసి చూసింది. బాబాయి తలుపు తీయబోయాడు.

"అడ్డం తియ్యవయ్యా!" పిన్ని గొంతు సందంతా మోగింది. "కొండ కనపడట్లేదు!"

వెనక బళ్లు హారన్లు మోగించాయి. బస్సు కదిలింది. కొండ మళ్లీ వచ్చింది, ఇందాకటికంటే పెద్దగా ఉన్నట్టనిపించింది.

"మళ్లీ వస్తాడు పిన్నీ. ఈసారి నడిచొస్తాడు."

"వస్తాడు."

"ఐదింటిలోపు సరిచేసేస్తా. మళ్లీ గోడైపోతుంది."

"కొండ పోతుందా?"

"పోతుంది."

పిన్ని సూదిలోకి దారం ఎక్కించబోయింది. రెండుసార్లు తప్పింది. "నన్నడక్కే పిట్టా. నన్నడిగితే కొండే కావాలంటాను."

మళ్లీ ఆఫీసులో. ఐదింటికి పది నిమిషాలుంది. ఏడు ముందు ఒకటి కొట్టింది. చెరిపింది. మళ్లీ కొట్టి, మళ్లీ చెరిపింది. ఆరో అంతస్తులో అందరి స్క్రీన్ల మీదా అదే ఫైలు తెరిచి ఉంది. ఆ లైను కింద ఒక కామెంటు రాయడం మొదలుపెట్టింది. కామెంటుని కంప్యూటరు పట్టించుకోదు, మ్యాపు మీద కనపడదు. ఫైలు తెరిచిన మనుషులే చదువుతారు.

"ఇది చదువుతున్నవాళ్లకి: పైనున్న అంకె ముందు ఒకటి పెడితే మా పిన్ని ఎవరికీ కనపడదు. పెట్టకపోతే పిన్నికి కొండ కనపడుతుంది. నేనేం చెయ్యాలో కాస్త చెప్పరూ?"