పావు తక్కువ ఒంటిగంట

విద్యావతి ఖాళీ మందు సీసాను బూడిదతో తోమి, దాని మీద అతికించిన కాగితం పట్టీని గోటితో గీకేసింది. పట్టీకి పెట్టిన ఒక్కో గాటు ఒక్కో మోతాదు. ఐదేళ్లుగా తాగుతూనే ఉంది. ఆ మందిచ్చే డాక్టరును మాత్రం ఎన్నడూ చూడలేదు.

నాందేడ్‌లో బట్టల దుకాణం ఉన్న ఇళ్ల ఆడవాళ్లు చీటికీ మాటికీ దవాఖానా మెట్లెక్కరు. వాళ్ల రోగాన్ని మగవాళ్లే వెళ్లి చెప్పి మందు తెస్తారు. ఆమె భర్త నాగేశ్వర్ కూడా, పాపం, నెలనెలా మరవకుండా వెళ్లేవాడు. "మా ఇంట్ల ఆమెకు అన్నం తిన్నంక గుండె దడదడ కొట్టుకుంటది, గ్యాస్ అయితది" అని చెప్పేవాడు. తినకముందే దడ వస్తుందని ఆమె ఒకసారి అంటే, "ఇంట్ల కూసున్నోళ్లకు గిసొంటియే అస్తయి" అని నవ్వాడు. అత్త పార్వతీబాయి, "తొమ్మిదిమందిని కన్న. నాకు గుబులు పడనీకి తీరికేడిది?" అంది. విద్యావతికి కోపం కూడా రాలేదు. లోపల ఎక్కడో ఎప్పుడో మొద్దుబారిపోయింది. వేడి గిన్నె తగిలినా, బొబ్బ చూశాకే కాలిందని తెలిసేది.

మొన్న నాగేశ్వర్ తల్లిని తీసుకుని ధర్మాబాద్‌లో పెళ్లికి వెళ్లాడు. మొదటి రోజు పావు తక్కువ ఒంటిగంటకు విద్యావతి అలవాటుగా అన్నం దించి, దడ వస్తుందని గోడ పట్టుకుని నిలబడింది. రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు గోడ పట్టుకోవడమే మరిచిపోయింది.

అప్పుడు సీసాను కొంగులో చుట్టుకుని తనే బయల్దేరింది. దవాఖానాలో కంపౌండరు సీసా అందుకుని, పేషంటు ఎవరని మరాఠీలో అడిగాడు.

"నేనే" అంది.

డాక్టరు బిలోలి వైపు తెలుగాయన, పెద్దవాడు. గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "గుండె మంచిగనే ఉన్నదమ్మ. గ్యాస్ గాదు, ఇది గాబరా. ఎప్పుడస్తది?"

ఎప్పుడని ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు. పావు తక్కువ ఒంటిగంటకు నాగేశ్వర్ దుకాణం నుంచి భోజనానికి రావడం, అన్నాన్ని వేలితో తాకి చూడటం, కాస్త చల్లారి ఉంటే మాట లేకుండా కంచం జరిపి లేచిపోవడం, పొద్దుగూకేదాకా అత్త "మొగోడు ఉపాసం పోయిండు" అని దెప్పడం ఆమెకు గుర్తొచ్చాయి.

"మా ఆయన సైకిల్ గంట ఇనబడంగనే, డాక్టర్ సాబ్. మీకు నా రోగం చెప్పనీకి అచ్చేది గూడ ఆయననే."

డాక్టరు రాయడం ఆపాడు. "ఒట్టి మందుతోని పోదమ్మ. ప్రతి బేస్తారం నువ్వే అచ్చి, కూసొని మాట్లాడాలె. ఇంట్ల తోల్తరా?"

విద్యావతి కంపౌండరు చేతిలోంచి తన ఖాళీ సీసా తీసుకుంది.

"పావు తక్కువ ఒంటిగంటకు అస్త" అంది. "అన్నం మూత పెట్టి అస్త."