కొండ బ్రేకు

బేయ్‌షెన్ చెక్క సుత్తితో సైలెన్సర్ మీద మళ్లీ కొట్టి చెవి ఆనించాడు. లోపల ఏదో రేకు గలగలమంది. లారీ కింద, పాత కంబళి మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడతను. గడ్డం నిండా మసి, కనుబొమల్లో తుప్పు పొడి. వెల్డింగు రవ్వలకు కాలిన మచ్చలు మణికట్టు నుంచి మోచేతి దాకా చుక్కలు పెట్టినట్టున్నాయి. ఎడమ చెయ్యి పొద్దుటి నుంచి లాగుతోంది. ఆ సంగతి భార్య కల్యిచాకి చెప్పలేదు.

"ఎంతసేపు వింటావు మామా? కోసి పారేయ్. తిన్నగా ఒక గొట్టం అతికించు, బండి గుర్రంలా ఎక్కుతుంది" అన్నాడు మేనల్లుడు టినాయ్, చక్రం పక్కన గొంతుకూర్చుని.

కరా-కెచే గని నుంచి బొగ్గు వేసుకొచ్చిన లారీ అది. కనుమ మొదటి ఎత్తుకే నల్లగా పొగ కక్కి ఆగిపోతే, టినాయ్ వెనక్కి తిప్పి మామ షెడ్డుకి తెచ్చాడు. కనుమ అవతల కోచ్‌కోర్‌లో ప్రసూతి ఆసుపత్రి బాయిలరు ఆ బొగ్గు కోసం చూస్తోంది. సాయంత్రానికి మంచు పడితే దారి మూసేస్తారు.

బేయ్‌షెన్ సైలెన్సర్ దించి పొట్ట కోశాడు. లోపలి అడ్డురేకు తుప్పుపట్టి ఊడి, గొట్టం మూతికి అడ్డంగా పడి ఉంది.

"చూడు. పాత పొగ బయటికి పోలేకపోతే కొత్త గాలి ఎక్కడ దూరుతుంది? ఇంజనుకు ఊపిరాడలేదు."

"అందుకే రేకులే వద్దంటున్నా."

"అవి లేకపోతే ఆ రొదలో బండి ఎక్కడ మూలుగుతోందో నీకేం వినపడుతుంది?"

టీ పట్టుకొచ్చిన కల్యిచా నవ్వింది. "ఇంట్లో అరవడానికి పెళ్లాం లేదు కదా, గొట్టమైనా అరుస్తుందని వాడి ఆశ."

"అరిచేదాన్ని నువ్వే చూసి పెట్టత్తా, నీ అంత గొంతు ఉండాలి మరి!"

బేయ్‌షెన్ కొత్త రేకుకు వెడల్పుగా చిల్లులు వేశాడు. పొగ నెమ్మదించాలి గాని ఆగకూడదు. అతికించి, గొట్టం వెంట ముందుకు జరిగాడు. అక్కడ కొండ బ్రేకు ఉంది. దిగేటప్పుడు కాలికింది బొత్తం నొక్కితే ఒక చిన్న రేకు తలుపు పొగ దారిని మూసేస్తుంది. ఊపిరాడని ఇంజను బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. దాని ఇరుసు అరిగిపోయింది. కిరసనాయిలుతో మసి కడిగి తిప్పాడు. తిరిగింది. మళ్లీ తిప్పితే బిగుసుకుంది.

"అది పీకేయ్ మామా. ఎక్కడానికి అదీ అడ్డమే."

"ఎక్కేటప్పుడు అడ్డమే. దిగేటప్పుడు నీ నడుం పట్టుకునేది అదే. చక్రాల బ్రేకులు కాలిపోయాక ఎవర్ని పిలుస్తావు? రేపు కొత్త ఇరుసు తెప్పిస్తా."

"రేపు దారుండదు."

ఆకాశం కొండల మీదికి దిగుతోంది. బేయ్‌షెన్ చేతులు తుడుచుకున్నాడు. బాగుచేసిన ప్రతి లారీనీ రోడ్డు పక్కన నిలబడి, మలుపు తిరిగేదాకా వినడం అతని అలవాటు. ఆ పైన వినపడదు. అవతలి దిగుడు అతను జీవితమంతా ఊహించుకున్నదే గాని విన్నది కాదు.

సుత్తి పట్టుకుని లారీలోకి ఎక్కాడు.

"నువ్వెక్కడికి?" కల్యిచా గొంతు పెరిగింది.

"కనుమ మీద ఆపి చూస్తాం. ఆ రేకు తలుపు మూసుకోకపోతే దిగం. వీడొక్కడే అయితే మూసుకోకపోయినా దిగుతాడు."

ఎత్తు మీద ఇంజను తడబడలేదు, పొగ పలచగా పోయింది. కనుమ మీద టినాయ్ బండి ఆపి బొత్తం నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. మొదటి మంచు రవ్వలు అద్దం మీద వాలాయి.

"మామా, చిన్న గేరులో మెల్లగా..."

"కదిలించావంటే దూకేస్తా."

బేయ్‌షెన్ బండి కిందికి దూరాడు. ఇరుసు మీద మెత్తగా కొట్టాడు, చెవి పెట్టాడు, ఇంకో పక్క నుంచి కొట్టాడు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. "నొక్కు!" టక్కుమంది. ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగింది. "మళ్లీ!" మళ్లీ ఆగింది. అతను తృప్తిపడేదాకా టినాయ్ నొక్కుతూనే ఉన్నాడు. అంత చలిలోనూ చెమటలు కారుతూ బేయ్‌షెన్ సీట్లోకి ఎక్కాడు.

దిగుడు మొదలైంది. ఒక పక్క లోయ, వెనక బొగ్గు బరువు. మొదటి మలుపులో టినాయ్ బొత్తం మీద కాలు వేశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఇంజను గొంతు తగ్గి లోతుగా గుర్రుమంది. వెనక బరువు ఆనుకుంది గాని తోయలేదు.

బేయ్‌షెన్ కళ్లు మూసుకుని విన్నాడు. "ఇలా ఉంటుందన్నమాట" అన్నాడు.

ప్రతి మలుపులోనూ తలుపు మూసుకుంది, తెరుచుకుంది. టినాయ్‌కి భయం వదిలి నోరు విచ్చుకుంది. "ఒప్పుకున్నా మామా, ఇంకెప్పుడూ పీకెయ్యమనను. దూకేస్తావట, దూకేస్తావ్! నీ మోకాళ్లతో మెట్టు దిగడమే కష్టం!" తనే నవ్వుకున్నాడు. చదును నేల వచ్చింది. "దిగేశాం. లే, టీ తాగుదాం."

బేయ్‌షెన్ తల అద్దానికి ఆని ఉంది. టినాయ్ పక్క అద్దమంతా ఊపిరి ఆవిరి. బేయ్‌షెన్ ముఖం ముందరి అద్దం మాత్రం తేటగా ఉంది.

"మామా?"

ఇంజను మెల్లగా ఆడుతోంది. ఒళ్లోంచి జారిన చెక్క సుత్తి ఇద్దరి మధ్య సీటు మీద, అరిగి గుండ్రమైన మొహంతో, ఆ అదురుకు సన్నగా కదులుతూ ఉంది.