విషం పట్టింది

మా ల్యాబులో విషం అన్న మాటకు పూచికపుల్లంత విలువ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. "నాదానికి విషం పట్టింది," అని టీ తాగుతూ కూడా చెప్పుకుంటాం. అంటే కేటలిస్టు పని మానేసిందని అర్థం. మనుషులకు ఏదో అయిందని కాదు.

మేం చేసేది ఒక రకం గట్టి ప్లాస్టిక్. ఇథిలీన్, కార్బన్ మోనాక్సైడ్ అనే రెండు గ్యాసులను ఒకదాని తర్వాత ఒకటిగా దండ గుచ్చాలి. గుచ్చే సూది కేటలిస్టు. పల్లాడియంతో ఆ పని చక్కగా జరుగుతుంది గానీ ఆ లోహం బంగారంతో పోటీ పడుతుంది. నికెల్ చవక. కాకపోతే కార్బన్ మోనాక్సైడ్‌కు నికెల్ అంటే వల్లమాలిన ప్రేమ. ఒకసారి పట్టుకుంటే వదలదు, ఇథిలీన్‌ను దగ్గరికి రానివ్వదు, దండ అక్కడే ఆగిపోతుంది. దాన్నే మేం విషం పట్టడం అంటాం.

నికెల్‌తోనే చేసి చూపిస్తానని మా పెద్దసారు పంతం. అందుకే వెనకాల ఆయన్ని నికెల్ మామ అంటాం. ఆ పేరు పెట్టింది నా ఆడపడుచు. నేను తూకాల గదిలో కేటలిస్టు తయారుచేస్తాను, తను నడవా అవతల అద్దాల గదిలో రియాక్టరు నడుపుతుంది. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు. "ఇంట్లో అన్నయ్య పెత్తనం, ఇక్కడ నా పెత్తనం. నీకు మిగిలిందేమీ లేదు వదినా," అని నన్ను ఏడిపించేది. నాకు చెల్లెలు లేని లోటు తనతోనే తీరింది.

ఆ రోజు బయటి కంపెనీవాళ్లు చూడటానికి వచ్చారు. మామ వాళ్లను కూర్చోబెట్టి, తెల్లటి ప్లాస్టిక్ పొడి ఇప్పుడే చేతిలో పెడతానని కోతలు కోశాడు. రియాక్టరు ఆపాక లోపలి గ్యాసు పూర్తిగా పోయేదాకా నైట్రోజన్‌తో కడగాలి. అప్పటిదాకా మూత ముట్టుకోకూడదు. ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్ ప్రేమ మరీ ముదిరితే, నికెల్‌ను ఆవిరి చేసి తనతోపాటు ఎత్తుకుపోతుంది. ఆ ఆవిరి పేరు నికెల్ కార్బొనిల్. దానంత మోసకారి ఇంకోటి లేదు. పీల్చగానే తలనొప్పి, వాంతి. కాసేపటికి అన్నీ తగ్గి మనిషి లేచి నవ్వుతాడు. మర్నాడు ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది. ఈ సంగతి మాకు పాఠంగా చెప్పిందే మామ.

అలాంటి మామ, అద్దాల గదికి ఫోన్ చేశాడు. "ఇంకెంతసేపు కడుగుతావమ్మా? అదేమన్నా ఏనుగా? తెరిచెయ్!"

తను తెరిచింది. గ్యాసు అలారం ఊరికే మోగి విసిగిస్తోందని దాని వైరు మామ ఎప్పుడో పీకించాడు కాబట్టి, ఏదీ మోగలేదు.

నేను అటు వెళ్లేసరికి తను రియాక్టరు కాళ్ల దగ్గర కూలబడి ఉంది. ల్యాబు కోటు మీద వాంతి. అలాగే కొత్త నికెల్ కేటలిస్టు డబ్బా మూత తీస్తోంది! ఊపిరి బిగబట్టి లోపలికి దూరి, చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొచ్చాను. "మామ మళ్లీ నడపమన్నాడు వదినా," అంది. నా ఒళ్లు మండిపోయింది. ఆ స్థితిలో ఉన్నదాన్ని మళ్లీ నడపమన్నాడా?

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక తలనొప్పి తగ్గింది. "నాకేం లేదు, ఇంటికి పోదాం పద. అమ్మతో మాత్రం అనకు," అని నవ్వింది కూడా. ఆ నవ్వు చూడగానే మామ చెప్పిన పాఠం గుర్తొచ్చింది.

డాక్టరమ్మకు చెప్పబోతుంటే అప్పుడొచ్చాడు మామ. "కొంచెం కార్బన్ మోనాక్సైడ్ పీల్చిందండీ, అంతే," అన్నాడు డాక్టరమ్మతో. ఆవిడ సరేనని, సాయంత్రం పంపించేస్తామంది. మామ నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"నికెల్ ఊసెత్తకమ్మా. ల్యాబుకు తాళం పడుతుంది. అందరి పొట్టా కొట్టకు."

అరికాలి మంట నెత్తికెక్కింది. "పొట్ట సంగతి తర్వాత సార్, ముందు దాని ఊపిరితిత్తుల సంగతి చూడండి!" అని వార్డంతా దద్దరిల్లేలా అరిచాను. అదే గొంతుతో డాక్టరమ్మకు చెప్పాను. "అది నికెల్ కార్బొనిలండీ. ఇప్పుడిలాగే నవ్వుతుంది, రేపు ఊపిరాడదు. పంపకండి."

డాక్టరమ్మ మామ వైపు తిరిగింది. "మీరెందుకు చెప్పలేదు?"

మామ ఫోన్ తీసి నడవాలోకి జారుకున్నాడు. నా ఆడపడుచేమో నా మీదే విరుచుకుపడింది. "బతికున్నదాన్ని పట్టుకుని శోకాలు పెడతావేంటి వదినా!"

మర్నాడు మధ్యాహ్నానికి తన పెదాలు నీలంగా మారాయి. మాటకూ మాటకూ మధ్య రొప్పు. "నిన్న పంపేసి ఉంటే ఈపాటికి నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు. ఇప్పుడైతే ఆశ ఉంది," అంది డాక్టరమ్మ. మా ఆయన చెల్లెలి పాదం పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

సాయంత్రం మామ మళ్లీ వచ్చాడు. ఈసారి మా ఆయన్ని పట్టుకున్నాడు.

"అపార్థం జరిగింది బాబూ. తెరిచాక ఫోన్ చేసి, విషం పట్టింది సార్ అంది. మా దగ్గర రోజూ అనుకునే మాటే కదా, కేటలిస్టుకనుకున్నా. కొత్తది వేసి మళ్లీ నడుపు అన్నా. నా చోట ఎవరున్నా అదే అంటారు."

మా ఆయనకు మా పని తెలియదు. పాపం, నిజమే కాబోలన్నట్టు తలూపాడు. చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకూ అలాగే అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మంచం మీద కదలిక. తను మాస్కు పక్కకు లాగింది.

"సార్." ఊపిరి తీసుకుంది. "కేటలిస్టుకు పడితే... ఎవరన్నా ఏడుస్తారా?" మళ్లీ ఊపిరి. "నేను ఏడుస్తూ చెప్పాను."

మాస్కు సరిచేసి మామ వైపు తిరిగాను. ఆ మాటకు అదిరిపడతాడేమో, అయ్యో, నాకు వినపడలేదే అంటాడేమోనని చూశాను. అనలేదు. నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆ ఏడుపు ఆయన విన్నాడు.