ఎండు కాడల అడుగున

నేను ఒక బొరిగెను. అరచేతి వెడల్పు ఇనుప పలక, జానెడు తుమ్మకర్ర పిడి. గొంతుక్కూర్చుని మట్టి తవ్వేవాళ్లకు తప్ప నాతో ఎవరికీ పనిలేదు. నాగలికర్రు చేయగా మిగిలిన ముక్కను సాగదీసి కమ్మరి నన్ను చేశాడు. గొప్పింటి పుట్టుక కాదు లెండి.

కడియం దగ్గర నర్సరీ నడిపే అబ్బులు నన్ను సంతలో కొని, ఇరవై ఏళ్లు బంతి మళ్లలో తిప్పాడు. మొక్కల సంగతి ఆయన ఆపోశన పట్టాడని ఊరంతా అంటుంది. ఆయనా కాదనడు. కోడలు వీరవేణి కాపురానికొస్తూ పుట్టింటి పెరట్లోంచి నాటు పొద్దుతిరుగుడు దుబ్బొకటి తెచ్చి బంతి మళ్ల పక్కన ఓ మడిలో నాటుకుంది. ఆ ఏడే వాళ్లమ్మ పోయింది, పెరడు రోడ్డు కింద పోయింది. అమ్మ పెంచిన పువ్వు ఇక మిగిలింది ఈ మడిలోనే.

కార్తీకం దాటేసరికి కాడలు ఎండిపోయాయి. గింజ పట్టిన పొద్దుతిరుగుడు చచ్చినట్టేనని పంట వేసినవాళ్లందరి లెక్క.

"పీకి పారెయ్యమ్మా వీరేణీ. రేపు బంతినారు ఎయ్యాలి," అన్నాడు అబ్బులు.

"ఇది ఏటేటా లేచే రకమండి మావయ్యా. మట్టిలో వేళ్లు బతికే ఉంటాయండి."

"నేనెరగని పొద్దుతిరుగుడా?"

ఆమె నన్ను తీసుకుని దుబ్బు చుట్టూ తవ్వింది. అడుగున తెల్లటి మొలకలు నాకు తగిలాయి. నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కో వేరు ముక్కకు ఒక్కో మొలక ఉండేలా నా అంచుతో కోసి, కవర్లలో నాటింది.

"ఎండు వేళ్లకి బారసాల చేస్తందిరా మా కోడలు," అని అబ్బులు నవ్వాడు. కూలీలూ నవ్వారు. నెల గడిచినా కవర్లలో మట్టే కనబడింది. వీరవేణి మాత్రం నీళ్లు పోయడం మానలేదు.

ఒకరోజు పొద్దున్నే అన్ని కవర్లలోనూ పచ్చగా తలలెత్తాయి. మళ్లీ మడిలో నాటాక, వానాకాలం వెళ్లేసరికి అబ్బులు తలెత్తి చూడాల్సినంత ఎత్తున పూశాయి. మనుషులకు ఓటమి ఒప్పుకోవడం కష్టమంటారు. అబ్బులు మళ్లీ కాడలు ఎండేదాకా ఓపిక పట్టి, నన్ను పట్టుకుని కోడలి పక్కన చతికిలబడ్డాడు.

"ఎక్కడ కొయ్యాలో సూపించమ్మా," అన్నాడు.

ఆ ఏటికి నా పలక అరిగి సగమైంది. రేపు పాత ఇనుములో వేసినా నాకు దిగులు లేదు. వీరవేణి వాడలో ఇంటికో దుబ్బు పంచింది. ఇప్పుడు ఏ ఒక్క పెరడు పోయినా వాళ్లమ్మ పువ్వు పోదు.