ఊదారంగు ముక్కు

చేపల దుకాణం నడిపే ఆవిడని అందరూ ముక్కమ్మ అనే పిలిచేవాళ్ళు. ఊరికే కాదు. డబ్బా మూత పూర్తిగా తీయకముందే లోపలి చేప ఇవాళ్టిదో నిన్నటిదో చెప్పేసే ముక్కు ఆవిడది. అలాంటి ముక్కు కాస్తా ఒక పాడు జ్వరంలో పోయింది. జ్వరం తగ్గింది, ఒళ్ళు కుదుటపడింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. సబ్బుకీ వెల్లుల్లికీ తేడా లేకుండా పోయింది.

ఈ సంగతి మొగుడికీ చెల్లెలికీ తప్ప మూడో మనిషికి తెలియదు. అప్పటినుంచీ మొగుడి ముక్కుతోనే బండి లాక్కొస్తోంది. ఆ మహానుభావుడికి ఏ డబ్బా చూపించినా ఒకటే మాట, భేషుగ్గా ఉందని. అది నమ్మి చేప అమ్మిన ప్రతిసారీ ఆవిడ గుండెల్లో రాయి పడేది. ఏ పసిపిల్లకో వాంతులు పట్టుకుంటే? ఆ భయం భరించలేకే, దుకాణాన్ని ఎదురుగా ఉన్న కోళ్ళ వ్యాపారికి ఇచ్చేయడానికి ఒప్పుకుంది. సాయంత్రం తాళాల కోసం వస్తానన్నాడు.

ఆ పొద్దున చెల్లెలు వచ్చింది. తినుబండారాలు పెట్టే పెట్టెలు తయారుచేసే చోట ఆమె ఉద్యోగం. సంచిలోంచి పల్చటి ఊదారంగు పొరలు తీసి బల్లమీద పరిచింది.

"ఊదా క్యాబేజీ రసం అక్కా. గంజిలో కలిపి ఆరబెట్టాను. చేప పాడవుతుంటే ఆవిరి వస్తుందిగా, అది తగిలితే నీలంగా అవుతుంది, ఇంకా ముదిరితే ఆకుపచ్చ. పారేస్తే మట్టిలో కలిసిపోతుంది."

"చీరలకి గంజి పెట్టడం తెలుసు గానీ, చేపలకి గంజి కాపలా ఏంటే నీ మొహం!"

అన్నదే గానీ ముక్కమ్మ ఆశగా చూసింది. అప్పుడే వచ్చిన చేపని గాజు మూత డబ్బాలో పెట్టి, మూత లోపల పొర అతికించారు. కాసేపటికి చూస్తే పొర అంచులు ఆకుపచ్చ!

చెల్లెలి మొహం మాడిపోయింది. "తాజా చేపకి ఇలా అవకూడదే..."

"పోనీలే. నా రాత బాగుంటే కదా," అంటూ ముక్కమ్మ పక్కనే ఉన్న ఖాళీ డబ్బా అందుకుంది. ఎందుకు తోచిందో ఏమో, దానికీ ఒక పొర అతికించింది. అందులో చేప తోకైనా లేదు. అయినా పొర ఆకుపచ్చగా తిరిగింది.

చెల్లెలు మూతమీద వేలు రాసి చూసింది. జారుడుగా ఉంది. "డబ్బాలు దేంతో కడుగుతున్నావక్కా?"

"చాకలి సోడాతో. అందరూ దాంతోనేగా." ఆగి, చిన్నగా అంది. "నీసు పోయిందో లేదో నాకు తెలియదు కదే. అందుకని గుప్పెడు ఎక్కువే వేస్తున్నా."

"అదీ సంగతి! సోడా తగిలినా ఇది ఆకుపచ్చే అవుతుంది. మనం సరిగ్గా కడగలేదనే చెప్పిందిది!"

ఇద్దరూ కొంగులు బిగించి డబ్బాలన్నీ మంచినీళ్ళతో తొలిచి, తుడిచి ఆరబెట్టారు. ఒకదాంట్లో ఇవాళ్టి చేప, ఇంకోదాంట్లో నిన్నటి చేప పెట్టి, మూతలకి కొత్త పొరలు అతికించారు. నిన్నటిది పొద్దున్నే మొగుడు వాసన చూసి భేషుగ్గా ఉందన్నదే.

భోజనాలు ముగించి వచ్చేసరికి ఇవాళ్టి మూత ఊదారంగులోనే నిద్రపోతోంది. రెండోదాని మధ్యలో నీలం పుట్టింది. ముక్కమ్మ పీట లాక్కుని కూర్చుంది, కన్నార్పలేదు. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ కలపలేదు. నీలం మెల్లగా పాకింది, అంచు చేరింది, అంచునుంచి ఆకుపచ్చగా మారుతూ మళ్ళీ మధ్యకి వచ్చింది.

"అమ్మో అమ్మో! వాసనేనే అది! కంటికి కనపడుతోందే!"

చెల్లెలు మూత తీసి ముక్కు మూసుకుంది. "పాడైపోయిందక్కా."

ముక్కమ్మ వెనకే నిలబడ్డ మొగుడి వైపు తిరిగింది. ఆయన తల దించుకున్నాడు.

"నాకంత ముక్కు ఎప్పుడుందే? బాలేదంటే నువ్వు డీలా పడిపోతావని..."

"ఎంత పని చేశారండీ!" కోపంతో మొదలైన మాట ఏడుపులోకి దిగింది. కళ్ళు తుడుచుకుంటూనే మళ్ళీ ఆ ఆకుపచ్చనే చూసింది. ఒక క్యాబేజీ ఆకు, తన మీద ఏ జాలీ లేకుండా, నిజం చెప్పింది. దానికి దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టేసింది కూడా.

సాయంత్రం కోళ్ళ వ్యాపారి వచ్చేసరికి దుకాణం దగ్గర ఒకావిడ పాపని ఎత్తుకుని నిలబడి ఉంది.

"ముక్కమ్మా, తాజావేనా?"

జ్వరం తగ్గినప్పటినుంచీ ఆ ప్రశ్నకి ఆవిడ ముక్కు తట్టి చూపిస్తూ వచ్చింది. ఇవాళ చెయ్యి ముక్కుదాకా వెళ్ళి ఆగిపోయింది.

"నా ముక్కు పోయిందమ్మా. జ్వరంలో పోయింది, ఏ వాసనా తెలియదు," అంది, అందరికీ వినపడేలా. ఆవిడ తాళాలు బొడ్లో దోపుకోవడం చూసి, కోళ్ళ వ్యాపారి వాటికోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముక్కమ్మ గాజు మూత డబ్బాని పాపని ఎత్తుకున్నావిడ ముందుకు జరిపింది. "ఇదిగో, దీన్ని అడుగు. ఊదాగా ఉంటేనే నీకిస్తాను."

ఆవిడ వంగి చూసింది. చంకలోని పాప కూడా వంగి, ఆ ఊదారంగు మీద వేలు పెట్టింది.