పిలిస్తే పలకని వాళ్ళం

రాయిస్ బెల్లింజర్ మా పెదనాన్న కొడుకు. వాడి పేరు పూర్తిగా రాస్తున్నాను, చదివేవాళ్ళు ఇంకెవరినో అనుకోకూడదని. ఫిలడెల్ఫియాలో బస్సు నడుపుతాడు. మా దీవిలో, ఉప్పునీటి పాయ ఒడ్డున మా ముత్తాత కొన్న భూమిలో వాడికీ వాటా ఉంది. చిన్నతనంలో ఒక్క వేసవి మా దగ్గర ఉండి, దోమలు కుట్టాయని ఏడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చావుకీ రాలేదు, పెళ్ళికీ రాలేదు. అలాంటివాడు నాకు ఒక్క మాట చెప్పకుండా తన వాటాను హోటళ్ళు కట్టే కంపెనీకి అమ్ముకున్నాడు.

ఫోన్లో అడిగాను.

"ఒరేయ్, అన్నం తినే చేశావురా ఈ పని?"

"నా వాటా నేను అమ్ముకున్నాను. నీది ముట్టుకున్నానా?"

"వాటా ఎక్కడుందిరా? ఏ చెట్టు నీది, ఏ చెట్టు నాది? మన భూమికి గట్టు ఉందా?"

"అదే మరి నేననేది. మీలో ఎవడైనా ఒకనాడు కోర్టుకెళ్ళి పంపకాల కాగితం రాయించుకుంటే ఈ గొడవే ఉండేది కాదు."

"కోర్టుకెళ్ళినవాడు ఏమయ్యాడో నీకు తెలీదూ?"

"వందేళ్ళయిందిరా అబ్నర్. ఇంకా ఆ ముచ్చటేనా? నువ్వు పీతలు పట్టుకో పో," అని పెట్టేశాడు.

వాడన్నది ఒక ముక్క నిజం. మా భూమికి వీలునామా లేదు, పంపకం లేదు. తాతలు పోతే పిల్లలందరిదీ, పిల్లలు పోతే వాళ్ళ పిల్లలందరిదీ. మా దీవిలో సగం ఇళ్ళ సంగతి ఇంతే. అందరూ కలిసి ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. ఒక్కడు అమ్మాడా, కొన్నవాడు కోర్టుకెళ్ళి, "ముక్కలు చెయ్యడం కుదరదు, మొత్తం అమ్మి డబ్బు పంచండి" అని అడగొచ్చు. కంపెనీ అదే అడిగింది. వాయిదా రోజున నేను కోర్టులో నిలబడి, అమ్మడానికి ఒప్పుకోను, గడువు కావాలి అని చెప్పాలి. చెప్పకపోతే భూమి పోతుంది. విషయం అంతే.

అంత చిన్న పని నాకెందుకు కొండయిందో చెప్పాలంటే మా ముత్తాత దగ్గరికి వెళ్ళాలి. ఆయన పేరూ అబ్నర్ బెల్లింజరే. ఆయన తండ్రి ఇదే నేల మీద దొర పత్తి ఏరిన బానిస. స్వేచ్ఛ వచ్చాక తండ్రీకొడుకులు పైసా పైసా కూడబెట్టి ఆ నేలనే కొన్నారు. పక్క పొలం తెల్లాయన హద్దు జరిపితే, ముత్తాత కాగితం పట్టుకుని కోర్టుకెళ్ళాడు. పెద్ద గొంతుతో మాట్లాడాడని కోర్టు కింద ఉన్న జైలు కొట్లో పెట్టి తాళం వేశారు. చీకటి పడేసరికి కిరసనాయిలు లాంతర్లతో బయట తెల్లజనం చేరారు. కొట్లు వరసగా ఉన్నాయి, కిటికీల్లేవు, అన్నిటిలోనూ మన నల్లవాళ్ళే. ఎవడెక్కడున్నాడో ఆ జనానికి తెలియదు. అందుకని మా చర్చిలో పాట అందుకునే మనిషిని ఒకణ్ణి పట్టుకొచ్చి, వీపుకి తుపాకీ ఆనించి, పిలవమన్నారు. ఆయన పిలిచాడు. తెలిసిన గొంతు, అన్నానికి పిలిచినంత మెత్తగా పిలిచింది. ముత్తాత "ఉన్నాను" అన్నాడు.

అంతే. ఏ తలుపు పగలగొట్టాలో తెలిసిపోయింది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి. మొహం కనబడకుండా ఎవరు పిలిచినా పలకం. కన్నతల్లి గొంతయినా సరే. పిల్లలకు మాటలు రాకముందే నేర్పేది ఇది. మా నాయనమ్మ తలుపు చాటున దాక్కుని ముద్దుగా పిలిచేది. పలికామా, తొడ మీద చుర్రుమనేది. ఇంకోటి, ఆ కోర్టు మెట్లు మా వాళ్ళు ఎవరూ ఎక్కలేదు. కాగితాలు అందుకే లేవు.

కోర్టు నోటీసు వచ్చిన వారంలోనే పిలుపు మొదలయింది.

మొదటిసారి మిట్టమధ్యాహ్నం. ఆటు సమయం, పాయలో నీళ్ళు తీసేసి బురద మెరుస్తోంది. పీతల బుట్టలు కడుగుతున్నాను. రెల్లులోంచి "అబ్నర్" అని వినబడింది. గట్టిగా కాదు. మనిషి ఇంట్లో ఉన్నాడా లేదా అని కనుక్కోవడానికి పిలుస్తామే, అలా. నేను తలెత్తలేదు. నా కుక్క మాత్రం లేచి, ఆ వైపు చూస్తూ తోక ఊపింది. కొత్తవాళ్ళని చూస్తే ఊరంతా లేచేలా అరిచే కుక్క అది.

తర్వాత అత్తి చెట్టు దగ్గర్నుంచి వినబడింది. ఆ తర్వాత వసారా మెట్ల దగ్గర్నుంచి. దయ్యాలు నీళ్ళనుకుని దాటకుండా ఉంటాయని మా అమ్మ వసారా కప్పుకి నీలం రంగు వేయించింది. ఆ రంగు పెచ్చులూడి చాలాకాలమయింది. ఒక సాయంత్రం నేను పెరట్లో బట్టలు తీస్తుంటే పిలుపు ఇంట్లోంచి వచ్చింది. లోపల ఎవరూ లేరు. పొయ్యి మీద ఎర్రన్నం మాడిన వాసన వచ్చేదాకా నేను గుమ్మం దాటి లోపలికి పోలేదు.

మా చెల్లెలి కూతురు కెజయా వాయిదాకి నన్ను తీసుకెళ్ళడానికి కాలేజీ నుంచి వచ్చింది. చరిత్ర చదువుతోంది. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి రొయ్యల పడవ ఎక్కినవాణ్ణి, నాకు దాని పుస్తకాలు దిండులా కనబడతాయి. పిలుపు సంగతి చెబితే అది నవ్వలేదు, భయపడనూ లేదు.

"దీని గురించే రాస్తున్నా మామయ్యా. మా మేష్టారు రాయమన్నారు, ఈ పాఠాలు చదివాక నీకేమనిపించిందో రాయి అని. చదవనా? నవ్వకూడదు మరి."

"నవ్వడానికి ముందరి పళ్ళు కూడా లేవు కదే నాకు. కానీ."

వసారాలో కూర్చుని చదివింది. నాకు గుర్తున్నంతవరకు ఇలా ఉంది: "మా పుస్తకంలో బానిసత్వం ఒక పాఠం. తెల్లవాళ్ళకో గుమ్మం, నల్లవాళ్ళకో గుమ్మం పెట్టిన కాలం ఇంకో పాఠం. చెట్లకు వేలాడదీసిన మనుషులది మరో పాఠం. ఒక్కో పాఠం చివర ప్రశ్నలుంటాయి, జవాబు రాస్తే అయిపోతుంది. మా ఇంట్లో అవి వేరువేరు పాఠాలు కావు. మా మామయ్య నోట్లో ఉన్నాయి. ఆయన్ని వెనకనుంచి పిలిస్తే ఆయన పెదవులు బిగుసుకుంటాయి. ఆయన్ని ఎవరూ కొట్టలేదు, కట్టెయ్యలేదు. అయినా ఆ కొట్టు తలుపు ఇంకా తెరుచుకోలేదు. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు నేను ముందు మేష్టారి మొహం చూసి అప్పుడు పలుకుతాను. అది నా అలవాటు అనుకున్నాను ఇన్నాళ్ళూ."

"బాగుందే," అన్నాను. "కానీ నా నోటి సంగతి ఆ తెల్ల మేష్టారికెందుకు?"

"ఆయన తెల్లాయన కాదు మామయ్యా."

"అయితే మరీ ఎందుకు? ఆయనకి తెలీదా?"

అది నవ్వింది. తర్వాత కాగితం మడిచి, "రేపు నీ పేరు పిలుస్తారు. 'ఉన్నాను' అనాలి. ఆ ఒక్క మాటే. మిగతాది నేను చూసుకుంటా, గడువు తీసుకుని లాయర్ని పెట్టుకుందాం. అనగలవా?" అంది.

"మొహం కనబడితే అంటాను."

"కనబడుతుంది. పట్టపగలు, గది నిండా దీపాలు."

మర్నాడు నా నల్ల కోటు వేసుకున్నాను. చావులకు వేసుకునే కోటు అదొక్కటే ఉంది.

"ఎవరు పోయారు మామయ్యా?" అంది కారు తీస్తూ.

"ఇంకా ఎవరూ పోలేదు. అవసరం పడుతుందేమోనని వేసుకున్నా."

కోర్టు తెల్లటి స్తంభాలతో చర్చిలాగే ఉంది. ఒకప్పుడు మనవాళ్ళు వెళ్ళాల్సిన పక్క గుమ్మాన్ని ఇటుకలతో మూసి, దాని ముందు కూల్‌డ్రింకుల యంత్రం పెట్టారు. కింద కొట్లున్న చోట ఇప్పుడు పన్నులు కట్టే కౌంటర్లు. ముందు గుమ్మం దగ్గర కాపలావాడు కెజయా సంచీ వెతికి, ఆల్చిప్పలు ఒలిచే కత్తి బయటికి తీశాడు. ముందురోజు నాతో కూర్చుని ఆల్చిప్పలు ఒలిచి, దాన్ని సంచీలో పడేసుకుని మరిచిపోయింది.

"ఏంటమ్మా ఇది, జడ్జిగారికా?" అన్నాడు.

"అయ్యో కాదండీ, కారులో పెట్టొస్తాను." నా వైపు తిరిగింది. "పైకెళ్ళి బెంచీ మీద కూర్చో మామయ్యా. ఇప్పుడే వస్తా. పిలిస్తే పలుకు."

మెట్లెక్కాను. మా ఇంట్లో ముత్తాత తర్వాత ఆ మెట్లెక్కింది నేనే. ఎక్కుతుంటే కాళ్ళ కింద నేల మెత్తగా, బురదలా అనిపించింది. పాలరాయి అది.

పైన నడవ పొడుగ్గా ఉంది. దీపాలన్నీ వెలుగుతున్నాయి. నాకెదురుగా కోర్టు గది తలుపు, మూసి ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను, తెరుచుకోగానే మొహం చూసి పలుకుదామని. పక్క బెంచీ మీద ఒక ముసలి తెల్లావిడ అల్లుకుంటోంది. ఎక్కణ్ణుంచో కిరసనాయిలు వాసన వచ్చింది. ఆ తర్వాత, నేల కిందనుంచి, నా బూట్ల కిందనుంచి, "అబ్నర్ బెల్లింజర్."

అదే గొంతు. రెల్లులోంచి వచ్చింది, మా ఇంట్లోంచి వచ్చింది, అదే. ఎంత మెత్తగా ఉందంటే, చెప్పడానికి సిగ్గు, నాకు ఏడుపొచ్చింది. ఆ పిలుపులో మా చర్చి ఉంది, అమ్మ వంటిల్లు ఉంది. నాలుక అంగిలికి ఆనించి పట్టాను. తలుపు కదల్లేదు. దాన్ని చూస్తూనే ఉన్నాను. మళ్ళీ పిలిచింది, ఈసారి బతిమాలుతున్నట్టు. ముసలావిడ అల్లిక ఆపి చుట్టూ చూసింది. నేను మాట్లాడలేదు.

కెజయా రొప్పుతూ వచ్చింది. "పిలిచారా?"

"పిలిచారు. కానీ వాళ్ళు కాదు."

అది తలుపు తోసుకుని లోపలికెళ్ళి, కోర్టు బంట్రోతుని వెంటబెట్టుకుని బయటికొచ్చింది. మన పిల్లే, సన్నగా, జడలు వేసుకుని, పిట్ట గొంతుతో ఉంది.

"పిలిచానండీ," అంది ఆ పిల్ల, నన్ను చూసి బెదురుతూ. "తలుపు తీసుకుని ఇక్కడే, మీ ఎదురుగానే నిలబడి పిలిచాను. మళ్ళీ కూడా పిలిచాను. మీరు నా మొహంలోకే చూస్తున్నారు. పలకలేదు. వేరే ఎవరో అనుకున్నా."

"తలుపు మూసే ఉందమ్మా," అన్నాను.

"పిలిచినప్పుడు బార్లా తీసి ఉందండీ."

ముసలావిడని అడిగాను, ఏం విన్నారమ్మా అని. ఆవిడ అల్లిక సంచీలో పెట్టుకుంటూ, "ఒక మగాయన ఎవరో పిలుస్తున్నాడు కదా పాపం, ఎవరు పలకాలో నాకేం తెలుసు," అంటూ లేచి వెళ్ళిపోయింది. బంట్రోతు పిల్ల గోడకి ఆనుకుంది.

లోపల జడ్జి అప్పటికే గైరుహాజరు అని రాసి, భూమి అమ్మమని తీర్పు చెప్పేశాడు. తర్వాత పెట్టుకున్న లాయరు, మళ్ళీ వినమని అర్జీ వెయ్యడానికి కారణం కావాలన్నాడు.

"చెవుడా? జబ్బా? ఏదో ఒకటి చెప్పండి, రాస్తాను."

"చెవులు బాగానే ఉన్నాయి. మా ముత్తాత పలికి చచ్చాడు, నేను పలకలేదు. అది రాయండి."

"అలాంటిది కోర్టు ఒప్పుకోదండీ."

కెజయా తానే కూర్చుని అది రాసింది, వసారాలో చదివినదంతా కలిపి. జడ్జి చదివాడట. బాధాకరం అన్నాడట. కొట్టేశాడు.

నన్ను తప్పుపట్టేవాళ్ళు పట్టొచ్చు. రాయిస్ ఫోన్ చేసి, "ఒక్క మాట నోట్లోంచి రాలేదా నీకు?" అన్నాడు. ఆ ఒక్క మాటే ముత్తాత నోట్లోంచి వచ్చింది. రేపు మళ్ళీ ఆ బెంచీ మీద కూర్చోబెట్టినా నేను పలకను.

ఇల్లు ఖాళీ చేసే రోజు కెజయా పాయ ఒడ్డున నిలబడి ఉంది. సామాను మోయడానికి రమ్మని వెనకనుంచి కేకేశాను. తిరగలేదు. మళ్ళీ కేకేశాను. భుజాలు బిగుసుకున్నాయి కానీ తిరగలేదు. చుట్టూ తిరిగి దాని ముందుకెళ్ళి నిలబడితే, నా మొహం వంక చాలాసేపు చూసి అప్పుడు పలికింది.

"ఇందాకట్నుంచీ పిలుస్తున్నది నువ్వేనా మామయ్యా?" అంది.

నేను పిలిచింది ఆ రెండు కేకలే. ఆ మాట దానితో అనలేదు.

కోర్టు మెట్ల మీదే వేలం వేశారు. పాడింది కంపెనీ ఒక్కటే. పోయిన భూమి మొత్తం ముప్పై ఏడు ఎకరాల అరవై సెంట్లు. అందులో ఇరవై ఆరెకరాల అరవై సెంట్లు మెరక, పదకొండు ఎకరాలు ఉప్పుగడ్డి పాయ.